పట్టేసిన పాత ట్రంపెట్‌ను మళ్లీ పలికించడం

ఆషాఢం, మూఢం వస్తే పెళ్లిళ్లుండవు, మేళంవాళ్ల ట్రంపెట్ పెట్టెలోకి పోతుంది. లోపల మిగిలిన ఉమ్మి తడికి చిలుము పడుతుంది. రెండు నెలలకు తీస్తే వేళ్లతో నొక్కే వాల్వులు దిగవు, శ్రుతి కోసం ముందుకూ వెనక్కూ జరిపే గొట్టపు వంపులు, అంటే స్లయిడ్లు, కదలవు. అప్పుడు కటింగ్ ప్లయరు పట్టుకున్నారంటే వాయిద్యం పోయినట్టే.

ముందు మౌత్‌పీస్ దిగే లీడ్‌పైపును వెలుతురులో తిప్పి చూడండి. గులాబీ రంగు మచ్చ, దాని మధ్యలో నల్ల చుక్క ఉంటే ఆ చోట గొట్టం లోపలి నుంచి తినేసినట్టు. ఇత్తడిలో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. జింకు కరిగిపోయి గుల్లబారిన రాగి మిగిలింది. రుద్దితే చిల్లు పడుతుంది. ఆ గొట్టం మార్పించాల్సిందే.

ఇరుక్కున్న మౌత్‌పీస్‌ను మెలితిప్పకండి, లీడ్‌పైపు ముందే మెలిపడుతుంది. మౌత్‌పీస్ పుల్లరున్న మెకానిక్కుకి రెండు నిమిషాల పని. స్లయిడు పట్టేస్తే అతుకు చుట్టూ తుప్పు వదిలించే నూనె నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున బయటి గొట్టం మీద చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్లు పోస్తే అది కాస్త వ్యాకోచిస్తుంది. వంపులో గుడ్డ దూర్చి, రెండు కాళ్ల మీదా సమానంగా బలం పడేలా నిటారుగా లాగండి. రాకపోతే మళ్లీ నూనె, మళ్లీ రాత్రి. మంట మాత్రం చూపకండి: అతుకుల సోల్డరు 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది, ఇత్తడి మీది పారదర్శకమైన పూత, అంటే లాకరు, కూడా నల్లబడుతుంది.

అన్నీ ఊడాక వాల్వుల కింద మెత్తగా ఆనే ఉన్ని బిళ్లలు, అంటే ఫెల్టులు, తీసి పక్కన పెట్టి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి అరగంట నానబెట్టండి. వంగే తీగ చివర మెత్తటి కుచ్చున్న పొడుగాటి బ్రష్‌తో గొట్టాల లోపల తోమండి. వాల్వు లోపల పైకీ కిందికీ కదిలే పిస్టన్లను విడిగా, మెత్తటి గుడ్డతోనే తుడవాలి. ఇంట్లో ఇత్తడి చెంబుకు చేసినట్టు చింతపండు, ఉప్పు, బూడిద వాటి మీద ప్రయోగించకండి. పిస్టనుకీ అది దిగే గొట్టం కేసింగుకీ మధ్య సందు వెంట్రుక మందం కన్నా తక్కువ. బూడిద గీసిన ఒక్క గీత చాలు, గాలి అక్కడి నుంచే జారుతుంది.

పిస్టన్ల మీద 1, 2, 3 అంకెలుంటాయి. వాయించేవాడి వైపుది ఒకటి. మూడు చుక్కల వాల్వు ఆయిల్ వేసి దించి, పిస్టన్ పక్కకి తిరగకుండా ఆపే చిన్న ముక్క, గైడు, గాడిలో కూర్చుని టిక్కుమనేదాకా మెల్లగా తిప్పండి. ఊదితే గాలి పోవడం లేదంటే వాల్వులు తారుమారయ్యాయి, లేదా గైడు కూర్చోలేదు. గాలి పోతున్నా స్వరం మూసుకుపోయినట్టుంటే అరిగిన ఫెల్టుల్ని అనుమానించండి. రెండో స్లయిడు తీసి, ఆ వాల్వు నొక్కి లోపలికి చూడండి: పిస్టన్ రంధ్రం, గొట్టం రంధ్రం గుండ్రంగా ఒకదానిమీదొకటి రావాలి. చంద్రవంకలా అంచు కనిపిస్తే కొత్త ఫెల్టు వేసి సరిచేయాలి.

గాలి కారని బిగువు చూడటానికి స్లయిడుకి గ్రీజు పూసి, వాల్వు నొక్కకుండా సగం లాగి పట్టుకుని అప్పుడు వాల్వు నొక్కండి. టప్పుమంటే బిగువుంది. చప్పుడు రాలేదంటే పిస్టనో స్లయిడో అరిగింది. మొత్తం ఊదినప్పుడు గాలి కారుతుంటే నీళ్లు వదిలే మీట కింది కార్కు మార్చి చూడండి. చాలా పాత వాటిలో దోషం అక్కడే.

మెరుపు ఆఖరున. లాకరుంటే పాలిష్ వద్దు, గుడ్డ చాలు. లేకపోతే అమోనియా లేని పాలిష్ కొద్దిగా. బ్రిటిష్ కాలంలో మన దేశంలో వానాకాలం గుర్రపుశాలల దగ్గర దాచిన ఇత్తడి తూటా తొడుగులు అమోనియా సోకి వాటంతటవే పగిలేవి. తయారీలో లోహం లోపల మిగిలిన ఒత్తిడే దానికి కారణం. సుత్తితో వంచిన బెల్లులో, అంటే ట్రంపెట్ ముందుండే గరాటులోనూ, అలాంటి ఒత్తిడి దాగి ఉంటుంది. బఫింగ్ మిషనుకి ఇస్తే చెక్కిన పూలతో పాటు లోహమూ పోతుంది. వాల్వు కేసింగు మీద సొట్ట పడితే మీరు ముట్టుకోకండి.

తిరిగి దాచేటప్పుడు మౌత్‌పీస్ విడదీసి, స్లయిడ్లకు గ్రీజు పూసి, వారానికోసారి తీసి వాల్వులకు ఆయిల్ వేయండి.