ట్రక్కును కొంచెం ఎత్తాలన్నా ముందు అర్జీ: ఆల్టరేషన్ నమోదుకు దరఖాస్తు విధానం

ములుగు, భూపాలపల్లి దిక్కు అడవి బాటలకు, వానల్లో దిగబడే నల్లరేగడి దారులకు ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ తయారుచేసుకునేవాళ్లు ముందు ఆటోనగర్‌కు పోతారు, ఆర్టీఏ ఆఫీసుకు ఆఖరున పోతారు. చట్టం చెప్పే వరుస దీనికి తలకిందులు. ముందు అనుమతి, తర్వాత పాన.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇక్కడ "ఒక్కో మార్పుకు" అన్న మాట చూడండి: లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం) ఒకటి, బంపరు ఒకటి, లైట్లు ఒకటి, లెక్క విడివిడిగా పడుతుంది.

ఆర్సీలో సస్పెన్షన్ ఎత్తుకు గడి లేదు కదా, ఎవరికి చెప్పాలి అని మెకానిక్ అంటాడు. గడి లేకపోయినా కంపెనీ స్పెసిఫికేషన్ ఉంది. ప్రమాదం జరిగి బీమా సర్వేయర్ బండి కిందికి వంగి చూసినప్పుడు ఆ మాట పనికిరాదు.

ఎత్తడానికి ముందు కొలవండి

అర్జీయే అక్కర్లేని ఎత్తు ఒకటి ఉంది. లోడు మోసీ మోసీ కమాన్లు (యాక్సిల్ మీది పట్టీ స్ప్రింగులు) కుంగుతాయి. బండిని చదునైన చోట ఖాళీగా నిలిపి, చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు దాకా నాలుగు మూలలా టేపుతో కొలవండి. కుడి ఎడమల మధ్య 10 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే కమాన్ పట్టీలో, బుష్‌లో లోపం ఉన్నట్టు అనుమానించాలి. అదే పార్ట్ నంబరుతో కంపెనీ కమాన్లు వేయిస్తే పోయిన ఎత్తు తిరిగి వస్తుంది. అది మరమ్మతు, మార్పు కాదు. సగం మందికి ఇక్కడితోనే పని అయిపోతుంది.

ఇంకా కావాలంటే ముందు వైపు 25 నుంచి 30 మిల్లీమీటర్లు చాలు. చాలా పికప్‌లు ఖాళీగా ఉన్నప్పుడు ముక్కు వంచి నిలబడతాయి కాబట్టి వెనక ముట్టుకోకపోయినా బండి సమానమవుతుంది. కాయిల్ స్ప్రింగ్ స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన భాగం) నెత్తిన పెట్టే స్పేసర్ బిళ్ల మందం, చక్రం దగ్గర వచ్చే ఎత్తు ఒకటి కాదు. 15 మిల్లీమీటర్ల స్పేసర్ దాదాపు 30 ఇస్తుంది. ఈ సంగతి తెలియక 30 స్పేసర్ వేస్తే చక్రం దగ్గర 60 దాకా లేస్తుంది. యాక్సిల్ జాయింట్లు ఎక్కువ వంపులో తిరిగి రబ్బరు బూటు చిరుగుతుంది, గ్రీజు పోయి మట్టి చేరుతుంది. ఆ తర్వాత మలుపులో టకటక చప్పుడు.

వెనక షాకిల్ (కమాను కొనను చాసిస్‌కు కలిపే పట్టీ) పొడుగు 50 మిల్లీమీటర్లు పెంచితే ఎత్తు 25 పెరుగుతుంది. యాక్సిల్‌కూ కమానుకూ మధ్య దిమ్మెలు పెట్టడం మాత్రం వద్దు; ఎక్కుడులో గ్యాస్ తొక్కగానే యాక్సిల్ మెలితిరుగుతుంది. యూ-బోల్టులు ఒకసారి విప్పితే కొత్తవే వేయాలి, 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాలి.

ఒక సంగతి మరవొద్దు. లిఫ్ట్ వల్ల చాసిస్ లేస్తుంది కానీ వెనక యాక్సిల్ మధ్యనుండే డిఫరెన్షియల్ గుండు లేవదు. రాళ్లకు తగిలేది అదే. దాన్ని లేపేది టైరు ఒక్కటే. 255/60 ఆర్18 నుంచి 255/65 ఆర్18కు మారితే టైరు వ్యాసం 763 నుంచి 789 మిల్లీమీటర్లవుతుంది. గుండు కింద దొరికేది ఆ పెరిగినదాంట్లో సగం, 13 మిల్లీమీటర్లు. స్పీడోమీటరు 3 శాతం తక్కువ చూపిస్తుంది. మీ మోడల్‌కు కంపెనీ రాసిన సైజుల్లో లేని టైరు అయితే అదీ అర్జీలో రాయాల్సిందే.

అర్జీ, తూకం, స్లాట్

మీరు నివాసం ఉండే చోటి రిజిస్టరింగ్ అధికారికే దరఖాస్తు పెట్టాలి. బండి కరీంనగర్‌లో రిజిస్టరైనా మీరు హనుమకొండలో ఉంటే ఇక్కడే. పాత రిజిస్టరింగ్ ఆఫీసుకు సమాచారం వీళ్లే పంపుతారు.

ముందస్తు అర్జీలో బండి నంబరు, చాసిస్ నంబరు, ఒక్కో మార్పు వేరే వరుసలో రాయండి: ఏ పార్టు, దాని నంబరు, ఎన్ని మిల్లీమీటర్లు, ఎన్ని కిలోలు, ఎవరు బిగిస్తారు. కంపెనీ అధీకృత యాక్సెసరీ అయితే ఆ పత్రం జత చేయండి. ఒప్పుకోవడానికి ఆఫీసరుకు ఆధారం అదే. "సస్పెన్షన్ పని" అని ఒక్క ముక్క రాసిన వర్క్‌షాప్ చీటీతో పని జరగదు. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల లిఖితపూర్వక సమ్మతి కూడా పెట్టండి. అనుమతి నిరాకరిస్తే ఆ పని వదిలేయాలి, సందు వెతకొద్దు.

అనుమతి వచ్చి పని పూర్తయ్యాక ధర్మకాంటా మీద తూకం వేయించండి. స్టెప్నీ, జాకీ, విన్చ్ (దిగబడిన బండిని తాడుతో లాగే యంత్రం), అడుగు రేకు అన్నీ బండి మీదే ఉండాలి. డ్రైవరు మాత్రం దిగాలి. ఖాళీ బరువుకు చట్టం ఇచ్చిన నిర్వచనం అది. స్థూల బరువు (లోడుతో కలిపి బండికి అనుమతించిన మొత్తం బరువు) మారదు కాబట్టి 120 కిలోల ఇనుము ఎక్కితే 120 కిలోల లోడు తగ్గినట్టే.

మార్పు జరిగిన 14 రోజుల్లో నమోదు చేయించాలి. రవాణా శాఖ వెబ్‌సైట్‌లో ఆల్టరేషన్ సేవ ఎంచుకుని, ఫీజు కట్టి, స్లాట్ తీసుకోండి. ఒరిజినల్ ఆర్సీ, అనుమతి పత్రం, బీమా, కాలుష్య ధ్రువపత్రం, బిల్లులు, తూకం చీటీతో బండిని తీసుకెళ్లాలి.

ఇన్‌స్పెక్టర్ ఎక్కడ ఆపుతారు

అన్నిటికన్నా చిన్న తప్పు, అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు: అడుగున తుప్పు పట్టకుండా కొట్టించిన నల్లటి కోటింగ్ చాసిస్ నంబరును కప్పేస్తుంది. కోటింగ్‌కు ముందే దాని మీద టేపు అంటించండి.

ముందు ఇనుప గార్డు ఉంటే ముందే తీసేయండి. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. స్పాట్ లైట్లకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 111వ నిబంధన అడ్డు. విన్చ్ నంబరు ప్లేటును దాచకూడదు. ముక్కు లేచింది కాబట్టి హెడ్‌లైట్లను కిందికి దించి సరిచేయించాలి.

వెనక ఎత్తినవాళ్లు బ్రేకు వాల్వును తప్పక చూసుకోవాలి. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్‌కు ఒక కడ్డీతో కలిపిన వాల్వు లోడును బట్టి బ్రేకు ఒత్తిడిని పంచుతుంది. బండి లేస్తే అది ఖాళీ బండి అనుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది. నిజంగా లోడు వేసినప్పుడు బండి ఆగాల్సిన చోట ఆగదు. లేచిన ఎత్తుకు తగ్గట్టు ఆ కడ్డీ బ్రాకెట్‌ను కంపెనీ మాన్యువల్ ప్రకారం సర్దాలి. చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు బిగుసుకోకూడదు. చివర వీల్ అలైన్‌మెంట్ చేయించి ఆ ప్రింటు ఫైల్లో పెట్టండి.

కొత్త ఆర్సీ రాగానే బీమా కంపెనీకి నకలు పంపి పాలసీలో ఎక్కించమని అడగండి. విడిగా చూపని యాక్సెసరీలకు క్లెయిమ్‌లో డబ్బు రాదు. ఆర్సీ చేతికొచ్చినా ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల లోపలి బాటల్లోకి వెళ్లడానికి అటవీ శాఖ అనుమతి వేరే తీసుకోవాలి.