మీటింగ్ గదుల బుకింగ్ ఒక్కటి చాలు: రిక్వైర్‌మెంట్ల నుంచి క్లాసుల దాకా చదివే పద్ధతి

వాటర్‌ఫాల్ (ఒక దశ ముగిశాకే తర్వాతిది మొదలయ్యే పద్ధతి) దశలు, యూఎంఎల్ (సాఫ్ట్‌వేర్ డిజైన్‌ను బొమ్మల్లో చూపే భాష) బొమ్మల పేర్లు, కప్లింగ్‌కీ (భాగాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడటం) కొహీషన్‌కీ (ఒక భాగంలోని పనులు ఒకదానికొకటి పొసగడం) తేడా: ఇవి బట్టీ పడితే సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పరీక్ష గట్టెక్కవచ్చు. డిజైన్ చేయమంటే మాత్రం చెయ్యి ఆడదు. అధ్యాయానికో ఉదాహరణ మార్చి చదవడమే ఇందుకు చాలావరకు కారణం. రిక్వైర్‌మెంట్లలో (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే వాక్యాల్లో) వదిలేసిన లొసుగు క్లాసుల (సమాచారాన్నీ దాని మీద పనుల్నీ కలిపి ఉంచే కోడ్ భాగాల) దగ్గర ఎలా బయటపడుతుందో చూడాలంటే, ఒకే సమస్యను మొదటి నుంచి చివరిదాకా నడపాలి.

సమస్య చిన్నదిగా ఉండాలి. ఐదారు క్లాసులు, రెండు మూడు రకాల యూజర్లు, సమయంతోనో డబ్బుతోనో ముడిపడిన ఒక గట్టి నియమం ఉంటే సరిపోతుంది. ఏటీఎం, లైబ్రరీ వద్దు. వాటి జవాబులు ఎక్కడ చూసినా సిద్ధంగా దొరుకుతాయి, చూడకుండా ఉండటం కష్టం. ఇక్కడ ఆఫీసు మీటింగ్ గదుల బుకింగ్ తీసుకుందాం.

ముందు రిక్వైర్‌మెంట్లు

ఒక్కో వాక్యానికి ఒక నంబరు ఇచ్చి, ఒక్కో వాక్యంలో ఒక్క విషయమే రాయండి. పదిహేను, ఇరవై చాలు. రాశాక ప్రతి వాక్యాన్నీ ఒకటే ప్రశ్న అడగండి: ఇది నెరవేరిందో లేదో తేల్చే టెస్ట్ రాయగలనా? "సిస్టమ్ వేగంగా ఉండాలి" అన్నది ఇక్కడే చిక్కుతుంది. "50 మంది ఒకేసారి ఖాళీ గదులు వెతుకుతున్నప్పుడు 95 శాతం వెతుకులాటలకు 2 సెకన్లలోపు జవాబు రావాలి" అంటే కొలవవచ్చు.

మామూలుగా కనిపించే వాక్యాలే ఎక్కువ మోసం చేస్తాయి. "యూజర్ బుకింగ్‌ను రద్దు చేసుకోవచ్చు" తీసుకోండి. తన బుకింగేనా, ఇతరులది కూడానా? మీటింగ్ మొదలయ్యాక కుదురుతుందా? ప్రతి సోమవారం జరిగే మీటింగ్ అయితే ఆ ఒక్క వారమా, మొత్తమా? పిలిచినవాళ్లకు ఎవరు చెబుతారు? ఒక్క వాక్యం కింద నాలుగు నిర్ణయాలు దాగి ఉన్నాయి. ఒంటరిగా చదువుతుంటే ఈ ప్రశ్నలు తట్టవు. స్నేహితుణ్ణి క్లయింటుగా కూర్చోబెట్టి అరగంట ప్రశ్నించండి. "ఏం కావాలి" కన్నా "ఇప్పుడు ఎలా చేస్తున్నారు, ఎక్కడ గొడవ వస్తోంది" అని అడిగితేనే అసలు సంగతులు రాలతాయి.

నియమాల అంచులు కూడా ఇప్పుడే తేల్చాలి. 10 నుంచి 11 వరకు ఒక బుకింగ్, 11 నుంచి 12 వరకు ఇంకొకటి ఉంటే అవి ఢీకొన్నట్టా? కాదనుకుంటే నియమం ఇలా ఉంటుంది: మొదటిది మొదలయ్యే సమయం రెండోది ముగిసే సమయం కన్నా ముందూ, రెండోది మొదలయ్యే సమయం మొదటిది ముగిసే సమయం కన్నా ముందూ ఉంటేనే ఢీ. "కన్నా ముందు" బదులు "ముందు గానీ సమానం గానీ" అని పెడితే 11 గంటల బుకింగ్ తిరస్కరణకు గురవుతుంది.

యూజ్ కేస్ అంటే గుండ్రాల బొమ్మ కాదు

మనిషి బొమ్మ, నాలుగు అండాకారాలు గీసి యూజ్ కేస్ (యూజర్ ఒక పనిని సిస్టమ్‌తో పూర్తిచేసుకునే తీరు) అయిపోయిందనుకోవద్దు. అసలు సరుకు రాతలో ఉంటుంది: ఎవరు మొదలుపెడతారు, ముందుగా ఏది నిజమై ఉండాలి, ఐదు నుంచి తొమ్మిది అడుగుల ప్రధాన దారి, ఆపై ప్రతి అడుగు దగ్గరా ఏం తప్పు జరగవచ్చో. "గది ఎంచుకున్నాడు" అడుగుకూ "ఖరారు చేశాడు" అడుగుకూ మధ్య ఇంకొకరు అదే గదిని తీసేసుకుంటే? ఈ పక్కదారి రాయనివాళ్లు, ఖాళీ ఉందో లేదో చూడటాన్నీ సేవ్ చేయడాన్నీ వేర్వేరు పనులుగా కోడ్ చేస్తారు. ఒక గది ఇద్దరికి దక్కేది ఆ సందులోనే.

క్లాసులు వెతకడం

యూజ్ కేస్‌లోని నామవాచకాల కింద గీత గీయడం పాత చిట్కా. మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అక్కడే ఆగితే మాత్రం "సిస్టమ్", "స్క్రీన్", "జాబితా" కూడా క్లాసులైపోతాయి. ఏ సమాచారమూ దాచుకోక, ఏ బాధ్యతా మోయనిదాన్ని కొట్టేయండి. మిగిలేవి గది, బుకింగ్, ఉద్యోగి, కాలవ్యవధి. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. ఢీ నియమం ఉండాల్సిన చోటు అదే.

బాధ్యతలు పంచడానికి 1989లో కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ పరిచయం చేసిన సీఆర్‌సీ (క్లాస్, రెస్పాన్సిబిలిటీ, కొలాబరేటర్) కార్డులు ఇప్పటికీ మంచి సాధనం. ఒక కార్డు మీద క్లాస్ పేరు, ఎడమవైపు బాధ్యతలు, కుడివైపు సాయం చేసే క్లాసులు రాయాలి. కార్డు నిండిపోతే ఆ క్లాస్ మీద భారం ఎక్కువైనట్టు. "బుకింగ్ మేనేజర్" అనే కార్డు పుట్టి మిగతావాటి పనంతా లాగేసుకుంటుంటే జాగ్రత్త: డేటా ఒకచోట, తెలివంతా ఇంకోచోట చేరుతున్నాయి.

ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాస్ లక్షణాలను దాని సబ్‌క్లాస్ వారసత్వంగా పొందడం) దగ్గర తొందర పడకండి. అడ్మిన్‌ను ఉద్యోగికి సబ్‌క్లాస్ చేస్తే, రేపు ఆ మనిషి అడ్మిన్ కాకుండా పోయినప్పుడు చిక్కు: చాలా భాషల్లో ఒకసారి తయారైన ఆబ్జెక్ట్ (క్లాస్ అనే అచ్చు నుంచి పుట్టినది) తన క్లాస్ మార్చుకోలేదు. పాత్రను విడి ఆబ్జెక్టుగా ఉద్యోగికి తగిలించడం మేలు. "వారంవారం బుకింగ్" కూడా బుకింగ్‌కు సబ్‌క్లాస్‌లా కనిపిస్తుంది, కానీ దానికి ఒకే మొదలు సమయం లేదు. బుకింగ్‌ను ఆశించి మొదలు సమయం అడిగే కోడ్ అక్కడ తప్పు జవాబు తెచ్చుకుంటుంది. అసలు క్లాస్ బదులు సబ్‌క్లాస్ పెట్టినా కోడ్ సరిగ్గా నడవాలనే లిస్కోవ్ సూత్రం వారించేది దీన్నే. పలు బుకింగ్‌లను పట్టుకునే "వరుస" అనే వేరే క్లాస్ పెడితే తీరిపోతుంది.

తర్వాత ప్రధాన దారికీ, ఒక పక్కదారికీ సీక్వెన్స్ డయాగ్రమ్ (ఎవరు ఎవర్ని ఏ వరుసలో పిలుస్తారో బాణాలతో చూపే బొమ్మ) గీయండి. ప్రతి బాణం మీది పేరు, ఆ బాణం చేరిన క్లాసులో మెథడ్‌గా (ఆ క్లాస్ చేసే పనిగా) ఉండాలి. లేకపోతే రెండు బొమ్మల్లో ఒకటి అబద్ధం. యూఎంఎల్ 2లో 14 రకాల బొమ్మలున్నాయి. ఈ కసరత్తుకు యూజ్ కేస్, క్లాస్, సీక్వెన్స్ చాలు. బుకింగ్ స్థితులు నాలుగు దాటితే స్టేట్ డయాగ్రమ్ (ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే తీరు చూపే బొమ్మ) కలపండి.

ఇప్పుడు రిక్వైర్‌మెంట్ మార్చండి

రెండు మూడు వందల పంక్తుల్లో కోడ్ రాశాక కొత్త కోరిక పెట్టండి: శుభ్రం చేయడానికి రెండు బుకింగ్‌ల మధ్య 15 నిమిషాల విరామం ఉండాలి. కోడ్ ముట్టుకోకముందే ఏయే క్లాసులు మారతాయో కాగితం మీద రాసి, మార్చాక పోల్చండి. ఒకటి రెండు చోట్ల తేలిపోతే నియమం సరైన ఇంట్లో ఉంది. బుకింగ్ స్క్రీన్, వెతుకులాట, రిపోర్టు మూడూ మారితే, ఢీ పరీక్ష ముక్కలై చెదిరిపోయింది. దాన్ని ఒకచోటికి చేర్చి మళ్లీ ప్రయత్నించండి. మారే అవకాశమున్న నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూల్లో (కోడ్ భాగంలో) దాచమని కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972లోనే చెప్పాడు.

ప్రాసెస్ మోడళ్ల (పని ఏ క్రమంలో సాగాలో చెప్పే పద్ధతుల) అధ్యాయం పుస్తకంలో ముందుంటుంది కానీ, ఈ మార్పు చేశాక చదివితేనే ఒంటబడుతుంది. వాటర్‌ఫాల్‌కు మూలంగా చూపే 1970 నాటి విన్‌స్టన్ రాయిస్ వ్యాసం కూడా ఆ తిన్నని వరుసను బొమ్మగా గీసి, అలాగే అమలు చేస్తే ప్రమాదమని హెచ్చరించింది. ప్రతి మోడల్‌నూ రెండు ప్రశ్నలతో చదవండి: పొరపాటు ఎప్పుడు బయటపడుతుంది, అప్పటికి ఎంత పని తిరగదోడాలి? ఆ 15 నిమిషాల విరామం వాటర్‌ఫాల్‌లో ఏ దశలో తెలిసేది, రెండు వారాల ఇటరేషన్లలో (కొంచెం కొంచెంగా కట్టి చూపే విడతల్లో) ఎప్పుడు తెలిసేది అని మీ నంబర్ల జాబితా పక్కనే రాసుకోండి.