ఎడిటింగ్ కోసం అసెంబుల్ చేసిన కంప్యూటర్ మొరాయిస్తోందా? లక్షణం, కారణం, పరిష్కారం

విశాఖపట్నంలో పెళ్ళి వీడియోలు, షార్ట్ ఫిల్ములు, యూట్యూబ్ ఛానెళ్ళకు ఎడిటింగ్ చేసే యువకుల్లో చాలామంది తక్కువ బడ్జెట్‌లో విడిభాగాలు కొని కంప్యూటర్ అసెంబుల్ చేసుకుంటున్నారు. అది మొరాయించగానే ఇంకా పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ వేయమని నలుగురూ సలహా ఇస్తారు. నా అభిప్రాయంలో ఆ సలహా పాటించవలసింది అన్నిటికన్నా చివర, ఎందుకంటే లక్షణాన్ని బట్టి కారణాన్ని పట్టుకుంటే ఖర్చు లేకుండానే సరిపోయే లోపాలు ఎన్నో ఉంటాయి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెరపై ఏమీ రావడం లేదు

కొత్త కంప్యూటర్ అయితే ముందు ప్రాసెసర్ పేరు చూడాలి. ఇంటెల్ ఐ5-12400ఎఫ్‌లో గానీ, రైజెన్ 5 5600లో గానీ సొంత గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి హెచ్‌డీఎంఐ కేబుల్‌ను మదర్‌బోర్డ్‌కు పెడితే చిత్రం రాదు, గ్రాఫిక్స్ కార్డ్‌కే పెట్టాలి. ప్రాసెసర్ దగ్గర, బోర్డ్ పై మూలన ఉండే కరెంటు కేబుల్‌ను మరిచిపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

నెలల తరబడి బాగా పనిచేసి, వానాకాలంలో కొన్నాళ్ళు వాడకుండా ఉంచాక తెర నల్లగా ఉండిపోతే మాత్రం తేమను, ఉప్పుగాలిని అనుమానించాలి. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వంటి తీరానికి దగ్గరి ఇళ్ళలో ఈ అనుమానం మరీ అవసరం. ప్లగ్ తీసి, ర్యామ్‌ను బయటకు లాగి దీపం వెలుగులో అంచును చూస్తే, మెరవవలసిన బంగారు రంగు పట్టీలపై మసక పొరో, సన్నని నల్లచుక్కలో కనిపించవచ్చు. పెన్సిల్ రబ్బరుతో వాటిని మెల్లగా రుద్ది, పొడిని దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక రెండు చివర్లా క్లిప్పు పడేలా నొక్కి పెట్టాలి. పని లేకపోయినా వారానికి రెండుసార్లు కంప్యూటర్‌ను కాసేపు నడపడం, క్యాబినెట్‌ను సముద్రం వైపు కిటికీకి దూరంగా ఉంచడం మేలు.

టైమ్‌లైన్‌పై వీడియో ఆగి ఆగి నడుస్తోంది

టైమ్‌లైన్ అంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీ. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. వీడియోను కుదించి దాచే హెచ్.265 వంటి ఫార్మాట్‌లో కెమెరా ప్రతి ఫ్రేమ్‌నూ పూర్తిగా దాచదు, చాలా ఫ్రేములకు పక్క ఫ్రేములతో ఉన్న తేడాను మాత్రమే దాస్తుంది. అందువల్ల ప్లే చేసేటప్పుడు కంప్యూటర్ ప్రతి చిత్రాన్నీ లెక్కగట్టి తిరిగి తయారుచేయవలసి వస్తుంది. ఈ పనికి గ్రాఫిక్స్‌లో ప్రత్యేకమైన డీకోడర్ ఉంటుంది, కానీ అది అన్ని రకాల ఫైళ్ళనూ విప్పలేదు. ఫుటేజ్ ప్లే అవుతుండగా టాస్క్ మేనేజర్‌లోని జీపీయూ పేజీలో వీడియో డీకోడ్ గీతను గమనించండి. ఆ గీత అడుగునే పడి ఉండి ప్రాసెసర్ వాడకం నూటికి చేరుతుంటే, భారమంతా ప్రాసెసర్‌పైనే పడుతోందని అర్థం.

కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో తీసే, రంగుల వివరాలు ఎక్కువగా ఉండే 10 బిట్ 4:2:2 హెచ్.265 ఫుటేజ్‌కు ఈ ఇబ్బంది ఎక్కువ. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 30, 40 శ్రేణి కార్డుల డీకోడర్లు దాన్ని విప్పలేవు, 50 శ్రేణికే ఆ వీలు వచ్చింది. ఖరీదు తక్కువైన ఐ5-12400లోని సొంత గ్రాఫిక్స్ మాత్రం ఆ పని చేయగలవు కాబట్టి, కొద్దిపాటి ధర తేడాకు ఆశపడి సొంత గ్రాఫిక్స్ లేని 'ఎఫ్' రకం కొనవద్దని ఎడిటింగ్ చేసేవారికి గట్టిగా చెబుతాను. ప్రాసెసర్‌లో ఈ సదుపాయం ఉన్నా, విడిగా కార్డ్ పెట్టినప్పుడు బయోస్‌లో (కంప్యూటర్ మొదలవుతుండగా తెరిచే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో) అది ఆగిపోయి ఉండవచ్చు. దాన్ని ఆన్ చేసి, ప్రీమియర్ ప్రోలో అయితే మీడియా సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్‌కు టిక్ పెట్టాలి. ఇవేవీ కుదరకపోతే ప్రాక్సీ ఫైళ్ళు, అంటే ఫుటేజ్‌కు తేలికైన నకళ్ళు తయారుచేసుకుని ఎడిటింగ్ ముగించవచ్చు, తుది ఎక్స్‌పోర్ట్ (పూర్తయిన వీడియోను ఫైలుగా తీయడం) అసలు ఫుటేజ్‌తోనే జరుగుతుంది కాబట్టి నాణ్యత తగ్గదు.

ర్యామ్‌నూ చూడాలి. నాలుగు స్లాట్ల బోర్డ్‌లో రెండు ర్యామ్‌లను సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. పక్కపక్కనే పెడితే రెండూ ఒకే ఛానెల్‌లో పడి వేగం తగ్గుతుంది.

ఎక్స్‌పోర్ట్ వేగంగా మొదలై, తర్వాత నెమ్మదిస్తోంది

ఇది ఎక్కువగా వేడి వల్ల వస్తుంది. ఐ5-12400 వంటి ప్రాసెసర్ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇంటెల్ కూలర్ నాలుగు కాళ్ళలో ఒక్కటి బోర్డ్‌లో పూర్తిగా దిగకపోయినా కూలర్ ఒక పక్కకు లేచి వేడిని సరిగా లాగదు. క్యాబినెట్‌ను పడుకోబెట్టి, బోర్డ్ వెనుక వైపు నుంచి నాలుగు పిన్నులూ బయటకు వచ్చాయో లేదో చూసి, కూలర్‌ను తీసి బిగించవలసి వస్తే ప్రాసెసర్ నుంచి కూలర్‌కు వేడిని చేర్చే థర్మల్ పేస్ట్ కొత్తగా వేయాలి. వేడి మామూలుగానే ఉంటే, ఫైలు రాస్తున్న డిస్క్ నిండిపోయిందేమో చూడాలి. చవక ఎస్‌ఎస్‌డీల్లో ఖాళీ తగ్గేకొద్దీ రాసే వేగం బాగా పడిపోతుంది.

కరెంటు పోగానే యూపీఎస్ ఉన్నా ఆగిపోతోంది

ఇళ్ళల్లో వాడే 600 వీఏ యూపీఎస్‌లు సుమారు 360 వాట్లే మోయగలవు. ఎక్స్‌పోర్ట్ సమయంలో కంప్యూటర్, మానిటర్ కలిసి అంతకు మించితే యూపీఎస్ చేతులెత్తేస్తుంది. భారం తక్కువే అయినా ఆగిపోతుంటే, యూపీఎస్ ఇచ్చే చదరపు తరంగం మీ ఎస్‌ఎంపీఎస్‌కు (క్యాబినెట్‌లోని పవర్ సప్లైకి) సరిపడకపోవచ్చు, అప్పుడు ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ అవసరమవుతుంది. క్యాబినెట్‌ను తాకితే జివ్వుమంటుంటే మాత్రం ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ సరిచేయించేదాకా కంప్యూటర్ వాడవద్దు.

ఫోన్ వీడియోలో మాట, పెదవుల కదలిక కలవడం లేదు

ఇది కంప్యూటర్ లోపం కాదు. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును (సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను) మారుస్తూ రికార్డ్ చేస్తాయి. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని ఫైలును మార్చుకున్నాకే టైమ్‌లైన్‌పైకి తేవాలి.