డాబా మీంచి దింపి మళ్ళీ బిగించిన సోలార్‌లోంచి చన్నీళ్ళే వస్తుంటే ఏం చూడాలి

మన గోదావరి డెల్టా ఊళ్ళలో ఇది మామూలే. ఎండాకాలంలో శ్లాబు ఉరుస్తోందని వాటర్ ప్రూఫింగ్ పెట్టుకుంటారు, దానికోసం సోలార్ వాటర్ హీటర్ విప్పి పక్కన పెడతారు, పనయ్యాక మళ్ళీ బిగించేస్తారు, మే నెలలో వేన్నీళ్ళతో ఎవరికి పనండీ, ఆ కుళాయి తిప్పి చూసేవాళ్ళే ఉండరు. తీరా కార్తీకమాసం వచ్చి తెల్లారగట్ల స్నానాలు మొదలయ్యాక గానీ తెలీదు. అప్పటికి బిగించినతను ఫోనెత్తడు, కొత్తగా వచ్చినతను ట్యూబులన్నీ పోయాయి మార్చేద్దాం అంటాడు. డబ్బులు తియ్యకముందు ఒక్కటి ఆలోచించండి, విప్పేదాకా బాగా కాగిన సోలార్ బిగించాక కాగట్లేదంటే చాలాసార్లు వస్తువు పోయి ఉండదు, ఎక్కడో గాలి పట్టేసి ఉంటుంది, లేదంటే ఏదో ఒక పైపు, వాల్వ్ తప్పుగా పడి ఉంటుంది.

ముందు బాత్రూమ్‌లో వేన్నీళ్ళ కుళాయి ఒక్కటే పూర్తిగా తిప్పండి. నీళ్ళు సన్నగా, ఆగి ఆగి, ఉమ్మినట్టు వస్తున్నాయా, లేక ధారగా వస్తున్నాయి కానీ చల్లగా ఉన్నాయా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు, కలిపేస్తే రోజంతా డాబా ఎక్కి దిగడమే మిగులుతుంది. ధారగా వస్తుంటే ఒక బకెట్ నిండేదాకా వదిలి చూడండి, ముప్పావు అంగుళం పైపు 20 మీటర్లుంటే అందులో నిలవున్న చన్నీళ్ళే సుమారు 5, 6 లీటర్లు ఉంటాయి, అవి పోయాకే అసలు నీళ్ళొస్తాయి.

సన్నగా వస్తున్నాయనుకోండి, డాబా ఎక్కి సోలార్ ట్యాంకులోకి చన్నీళ్ళు వెళ్ళే పైపు దగ్గర మొదలెట్టండి. అక్కడ గేట్ వాల్వ్ ఉంటే చక్రం తిరిగినంత మాత్రాన తెరుచుకున్నట్టు కాదు, మన బోరు నీళ్ళకి, అందులోనూ భీమవరం, నరసాపురం వైపు ఉప్పు నీళ్ళకి లోపల కాడ తినేసి విరిగిపోతుంది, పైన చక్రం తిరుగుతూనే ఉంటుంది, లోపల బిళ్ళ కిందే ఉండిపోతుంది. దాన్ని పీకేసి బాల్ వాల్వ్ వేయించుకోండి. పక్కనే నాన్ రిటర్న్ వాల్వ్, అంటే నీళ్ళని ఒకవైపే పోనిచ్చే వాల్వ్ ఉంటే దాని మీద బాణం గుర్తు ఉంటుంది, అది సోలార్ ట్యాంకు వైపే చూడాలి, తిరగేసి బిగిస్తే చుక్క కూడా లోపలికి పోదు.

తర్వాత ఎత్తు. కొత్త వాటర్ ప్రూఫింగ్ పాడవకూడదని స్టాండు కింద సిమెంటు దిమ్మలు పెడతారు, మంచిదే, కానీ దాంతో సోలార్ ట్యాంకు పైకి లేస్తుంది, చన్నీళ్ళ ట్యాంకు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చన్నీళ్ళ ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు పైభాగం కన్నా ఎత్తులో ఉండాలి. లేకపోతే పొద్దున్న మోటారు వేసినప్పుడు వేన్నీళ్ళొస్తాయి, చన్నీళ్ళ ట్యాంకు సగమయ్యేసరికి ఆగిపోతాయి. మీ ఇంట్లో సరిగ్గా ఇలాగే అవుతుంటే ఇంకేం వెతక్కండి, అదే. సోలార్ ట్యాంకు మీద నిలబెట్టిన గాలి గొట్టం ఉందో లేదో కూడా చూడండి, అది చన్నీళ్ళ ట్యాంకులో నీటి మట్టం కన్నా పైకి ఉండాలి, మూతి తెరిచి ఉండాలి. నీళ్ళు పొర్లుతున్నాయని దాని మూతికి ఎండ్ క్యాప్ కొట్టి మూసేసేవాళ్ళున్నారు, దయచేసి అలా చెయ్యకండి, ఆవిరికి దారి లేకపోతే ట్యాంకు పగులుతుంది.

ఇవన్నీ బాగుంటే ఇక గాలే. వేన్నీళ్ళ పైపు పిట్టగోడ ఎక్కి దిగేచోట గాలి బుడగ కూర్చుంటుంది. ఎండెక్కక ముందు, నీళ్ళు ఇంకా చల్లగా ఉండగానే ఈ పని చెయ్యండి, మధ్యాహ్నం చేస్తే చేతులు కాలతాయి. ఆ ఎత్తైన చోట ఉన్న యూనియన్‌ని, అంటే రెండు పైపుల్ని కలిపే మరజాయింటుని, రెంచితో కొంచెం వదులు చెయ్యండి, మొత్తం ఊడదీయొద్దు. ముందు బుస్సుమని గాలొస్తుంది, తర్వాత తుంపర తుంపరగా గాలీ నీళ్ళూ కలిసి, చివరికి చప్పుడు లేకుండా నీళ్ళే కారతాయి, అప్పుడు బిగించెయ్యాలి. గాలి మళ్ళీ మళ్ళీ చేరుతుంటే అక్కడే పైకి ఒక గాలి గొట్టం పెట్టించుకోండి. రాగి గొట్టాలున్న ఫ్లాట్ ప్లేట్ ప్యానెల్ అయితే ప్యానెల్ పైనుంచి ట్యాంకుకి వెళ్ళే పైపు కూడా పట్టుకు చూడండి, ప్యానెల్ పైన సలసల కాగుతూ ట్యాంకు చల్లగా ఉంటే గాలి అక్కడుంది, అక్కడి యూనియన్ కూడా అలాగే, మర్నాడు ఎండెక్కక ముందు వదులు చెయ్యాలి. ఆ పైపు ఎక్కడా కిందకి జారకుండా ట్యాంకు వైపు పైకే వెళ్ళాలి, ఒకచోట కుంగినా వేడి నీళ్ళు వాటంతటవి ఎక్కలేవు.

ఇప్పుడు రెండో రకం, ధార బాగుంది, నీళ్ళు చల్లన. సాయంత్రం 4 గంటలకి ట్యాంకు నుంచి బయటికొచ్చే పైపు పట్టుకోండి, కుళాయి ఎవరైనా తిప్పి ఉంచాలి. అక్కడ వేడిగా ఉండి బాత్రూమ్‌లో చల్లగా ఉంటే తప్పు వేడి, చల్ల నీళ్ళు కలిపే మిక్సర్ కుళాయిది. వేడి, చల్ల రెండు నాబ్‌లూ తెరిచి ఉంచి చివర హ్యాండ్ షవర్ మీట మాత్రం ఆపేస్తే చన్నీళ్ళు వేన్నీళ్ళ లైన్లోకి దూరతాయి. బాత్రూమ్‌లకి వెళ్ళే చన్నీళ్ళ లైను వాల్వ్ కాసేపు కట్టేసి చూడండి, వేన్నీళ్ళొచ్చాయా, దొంగ దొరికినట్టే. ట్యాంకు దగ్గరే చల్లగా ఉంటే పైపులు తారుమారయ్యాయేమో చూడండి, వేన్నీళ్ళు ట్యాంకు పైభాగం నుంచే రావాలి, చన్నీళ్ళు అడుగునుంచే వెళ్ళాలి.

గాజు ట్యూబుల రకమైతే ఒక్కో ట్యూబు అడుగు కొస చూడండి. అద్దంలా వెండి మెరుపు ఉంటే ట్యూబు బాగున్నట్టు. ఆ మెరుపు పోయి పాలలా తెల్లబడితే లోపలి వాక్యూమ్ పోయింది, ఆ ఒక్క ట్యూబే మార్చండి, అన్నీ అక్కర్లేదు. ఖాళీ ట్యూబులు ఎండలో ఉండగా చన్నీళ్ళు మాత్రం వదలకండి, ఠప్పుమని పగులుతాయి, తెల్లారగట్ల గానీ చీకటి పడ్డాక గానీ నింపాలి. వరద రోజుల్లో గోదావరి ఎర్రనీళ్ళు వాడిన ఇళ్ళలో ట్యూబుల అడుగున ఒండ్రు పేరుకుంటుంది, ఎలాగూ విప్పారు కాబట్టి కడిగి బిగించమని అడగండి.

దిక్కు కూడా చూసుకోండి. మనం 16న్నర డిగ్రీల ఉత్తరాన ఉన్నాం, ప్యానెల్ ముఖం దక్షిణానికే ఉండాలి. మే నెలలో సూర్యుడు నెత్తి మీదుంటాడు కాబట్టి కొబ్బరిచెట్టు నీడ దూరం రాదు, డిసెంబరులో మధ్యాహ్నం కూడా దక్షిణానికి వాలి ఉంటాడు, అదే చెట్టు నీడ పొడుగై ప్యానెల్ మీద పడుతుంది. కోనసీమలో దక్షిణం వైపు కొబ్బరిచెట్టు లేని ఇల్లు వెతకాలి మరి, అందుకని బిగించేటప్పుడే డిసెంబరు నీడ అంచనా వేసుకుని స్టాండు జరిపించుకోండి.

లోపల కరెంటు హీటర్ ఉంటే ట్యాంకు నిండిందని ఖాయం చేసుకోకుండా స్విచ్ వెయ్యకండి, కాయిల్ కాలిపోతుంది. చన్నీళ్ళ లైనుకి ప్రెషర్ పంపు పెట్టుకున్నవాళ్ళు దాన్ని ఈ మామూలు సోలార్ ట్యాంకుకి కలపకూడదు, ఆ ఒత్తిడికి అది నిలవదు. ట్యాంకు పైరేకు సందుల్లోంచి నీళ్ళు కారుతుంటే మాత్రం లోపలి ట్యాంకు చిల్లు పడ్డట్టు, అది మన చేతుల్లో లేదు, కంపెనీ సర్వీసువాళ్ళని పిలవాల్సిందే.