డిక్కీ నిండా బొమ్మలు: కార్ల క్లబ్బు బొమ్మల సేకరణ పెట్టుకోవాలంటే

కార్ల క్లబ్బు అంటే ఆదివారం పొద్దున్నే బానెట్లు ఎత్తి, వాటి ముందు నిలబడి ఫొటోలు దిగే మగాళ్ళని అందరూ అనుకుంటారు. మా విజయవాడ పాత కార్ల బృందం కూడా చాలావరకు అంతే. నాన్న వదిలివెళ్ళిన ప్రీమియర్ పద్మినితో నేనూ అందులో చేరాను. ఏడాదికోసారి మేం చేసే పనికొచ్చే పని ఒకటుంది. భోగికి ముందు బొమ్మలు పోగుచేసి, అమ్మానాన్నల దగ్గర లేని పిల్లలకీ అంగన్‌వాడీలకీ ఇస్తాం. లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది కాబట్టి, ఎలా చెయ్యాలని అడిగేవాళ్ళ కోసం రాస్తున్నా.

భోగికి ముందే ఎందుకంటే, అటకలు దిగేది అప్పుడే. పిల్లలు పెద్దవాళ్ళయిన ఇళ్ళలో బొమ్మలు ఆ అటకల మీదే మూటల్లో ఉంటాయి. ఆ హడావుడిలో కొన్ని మంటల్లోకి కూడా పోతాయి. ప్లాస్టిక్ కాలితే వచ్చే పొగ గురించి వేరే చెప్పక్కర్లేదు. నెలగంట పెట్టగానే కబురు పెడితే నాలుగు వారాలు చేతిలో ఉంటాయి.

కబురుకంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, చాలామంది చివర్లో చేసేది. బొమ్మలు ఎవరికి వెళ్తాయో వాళ్ళని ముందుగా అడగాలి. అంగన్‌వాడీకైతే సూపర్‌వైజరు ద్వారా, పిల్లల హోముకైతే సూపరింటెండెంటు ద్వారా వెళ్ళండి. హోముకి బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కనుక్కోండి. ఏ వయసువాళ్ళు ఎంతమంది, ఇప్పుడు ఏం ఉన్నాయి, ఏం విరిగిపోయాయి అన్నది కాగితం మీద రాసుకోండి. మేం వెళ్ళే ఒక హోములో వార్డెనమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది: "ఎవరొచ్చినా ఎలుగుబంటి బొమ్మలే తెస్తారమ్మా. పదిహేనేళ్ళ పిల్ల దాన్నేం చేసుకుంటుంది?" నిజమే. హోముల్లో పద్దెనిమిదేళ్ళ వరకు పిల్లలుంటారు. పన్నెండు దాటినవాళ్ళ గురించి ఎవరూ ఆలోచించరు. వాళ్ళకి క్యారమ్ బోర్డు, చదరంగం, షటిల్ బ్యాట్లు, వాలీబాల్ కావాలి. అంగన్‌వాడీలో మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళు. వాళ్ళకి బిల్డింగ్ బ్లాకులు, బంతులు, లక్కపిడతలు చాలు.

పెట్టెలు మెకానిక్ షెడ్డులోనూ, అపార్టుమెంట్లలో వాచ్‌మన్ దగ్గరా పెట్టండి. పెట్టె మీద ఏం కావాలో రాయండి, ఏం వద్దో అంతకంటే పెద్ద అక్షరాలతో రాయండి. లేకపోతే చక్రాల్లేని లారీలు, తలల్లేని బార్బీలు, పాత క్యాలెండర్లు కూడా వస్తాయి. డబ్బు తీసుకోకండి. ఇస్తామన్నవాళ్ళని ఒక క్యారమ్ బోర్డు కొని తెమ్మనండి. "80జి రసీదు ఇస్తారా?" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వస్తురూపంలో ఇచ్చినదానికి ఆ ఆదాయపన్ను మినహాయింపు రాదని ముందే చెప్పేస్తే గొడవ ఉండదు.

అసలు పని ఏరడంలో ఉంది. షెడ్డులో టార్పాలిన్ పరిచి, మొత్తం దాని మీద గుమ్మరించండి. ప్రతి బొమ్మా ఒకరి చేతిలోంచి వెళ్ళాలి. మెత్తటి బొమ్మల కళ్ళు, ముక్కు పట్టుకుని గట్టిగా లాగండి. ఊడితే ఇక్కడే ఊడాలి. ఊడినచోట నల్లదారంతో కుట్టేస్తే కన్నే అనిపిస్తుంది, మా క్లబ్బులో ఒకాయన అత్తగారు వరసపెట్టి కుట్టి పెడతారు. మూడేళ్ళలోపు పిల్లలకి చిన్న ముక్కలున్నవేవీ ఇవ్వకూడదు. బొమ్మల ప్రమాణాల్లో వాడే పరీక్ష గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అందులో పట్టేసే ముక్క గొంతుకి అడ్డం పడుతుందని లెక్క. మన పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లే. అంటే ఆ బిళ్ళకంటే కాస్త పెద్ద ముక్కని కూడా అనుమానించాల్సిందే.

అన్నిటికంటే నాకు భయం బటన్ సెల్లులంటే, అంటే గుండీలా ఉండే చిన్న బ్యాటరీలు. పాటలు పాడేవి, లైట్లు వెలిగేవి తిరగేసి చూడండి. బ్యాటరీ మూతకి స్క్రూ ఉండాలి. గోటితో తెరుచుకుంటే ఆ బొమ్మ పక్కకే. పిల్లాడు బటన్ సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. చిన్న అయస్కాంతాలు కూడా అంతే: రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని చిల్లు పెడతాయి. బుల్లెట్లు వదిలే తుపాకులు మేం అసలే తీసుకోం.

పజిల్స్ పూర్తిగా పేర్చి చూడండి. కారు బానెట్ దీనికి భలే బల్ల. క్యారమ్‌లో తొమ్మిది నల్లవి, తొమ్మిది తెల్లవి, ఒక ఎర్రది, పైన స్ట్రైకరు. చదరంగంలో ముప్ఫై రెండు. పోయిన బంటు బదులు నట్టు పెడదామంటాడు మా మెకానిక్. నవ్వుకుని ఆ పెట్టె పక్కన పెట్టండి. ప్లాస్టిక్‌వి సబ్బునీళ్ళలో కడిగి ఎండలో ఆరేయండి. మెత్తటివి దిండు గలీబులో వేసి మూతి కట్టి వాషింగ్ మెషిన్‌లో తిప్పండి. పైన ఆరినట్టున్నా లోపలి దూది తడిగానే ఉంటుంది, నొక్కి చూడండి.

కొత్తవి కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి అది తప్పనిసరి. గుర్తు పైన ఐఎస్ 9873, కరెంటు బొమ్మలైతే ఐఎస్ 15644 అని ఉంటుంది. కింది లైసెన్సు నంబరుని ఆ గుర్తు ఇచ్చే ప్రమాణాల సంస్థవాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. భౌగోళిక గుర్తింపు ఉన్న మన కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. మా ఊరికి కొండపల్లి పక్కనే కాబట్టి అందరికీ అవే కొనాలనిపిస్తుంది. నేను ఒప్పుకోను. తెల్లపొణికి తేలిక కర్ర, అతికించిన చేతులు, పైన రంగు: కొలువులో పెట్టుకోవడానికి అందం, మూడేళ్ళవాడి చేతిలో గంట నిలవదు. ఏటికొప్పాకవి వేరు. అంకుడు కర్రని తరిణి (లేత్) పట్టి లక్క పూసిన బొంగరాలు, గిలక్కాయలు, కిందపడినా లేచి ఆడతాయి. సహజ రంగులు వేసినవేనా అని అడిగి కొనండి.

మూటలు ఇచ్చినవాళ్ళ పేర్లతో కట్టకండి, వయసుల ప్రకారం కట్టండి. హోములో కంచం దగ్గర్నుంచి అన్నీ అందరివే. అందుకే ఉమ్మడి ఆటవస్తువులతో పాటు, ఒక్కొక్కరికీ తనదంటూ ఒకటి ఉండేలా చూస్తాం. అవి మాత్రం దాదాపు ఒకే ధరవి కావాలి, లేదంటే మీరు గేటు దాటకముందే తగువు మొదలవుతుంది.

ఇచ్చే రోజు ర్యాలీలా వెళ్ళకండి. నాలుగు కార్లు చాలు. సైలెన్సర్ మోత వద్దు, నంబరు ప్లేటు మీద బ్యానరు వద్దు. పిల్లల ఫొటోలు అసలు వద్దు. రక్షణ అవసరమైన పిల్లల్ని గుర్తుపట్టేలా ఫొటోలు, వివరాలు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కార్ల ఫొటోలు ఎన్నైనా తీసుకోండి.

పిల్లలు బొమ్మలకంటే ముందు కారెక్కుతామంటారు. తాళం తీసి జేబులో వేసుకుని, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకి ఇటుకలు పెట్టి ఎక్కించండి. మా పద్మినికి గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. అదేదో లైటు స్విచ్చనుకుని తిప్పుతారు. హారన్ కొట్టనివ్వండి.

నెల తర్వాత వార్డెనమ్మకి ఫోన్ చేసి ఏది ఆడుతున్నారో, ఏది మూల పడిందో అడిగి పుస్తకంలో రాసుకోండి. వచ్చే ఏటి జాబితా అదే. మా పుస్తకంలో ఎప్పుడూ కనిపించేది స్ట్రైకరు పోయిందన్న మాట, కాబట్టి ప్రతి క్యారమ్ బోర్డుకీ రెండు స్ట్రైకర్లు పెట్టండి.