ఎర్రర్ స్పాటింగ్‌లో వెర్బ్ తప్పు పట్టుకోవడానికి

బ్యాంకు, ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షలకు చదివేవాళ్లకి ఇంగ్లిష్ వాక్యంలో తప్పు పట్టుకోమనే ఎర్రర్ స్పాటింగ్‌తో పెద్ద చికాకు: వాక్యం చదువుతుంటే అంతా కరెక్టుగానే ఉన్నట్టుంటుంది. గుంటూరు బ్రాడీపేటలో మా రూములో మేం ఇప్పుడు ఇలా చేస్తున్నాం.

ముందు వెర్బ్ పట్టుకోండి. దానికి ముందు ‘ఆఫ్’, ‘అలాంగ్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’ లాంటివి ఉంటే, అక్కడి నుంచి వెర్బ్ దాకా ఉన్నదంతా లేనట్టే అనుకుని మిగిలింది చదవండి.

‘ద ప్రైస్ ఆఫ్ గుంటూరు చిల్లీస్ హ్యావ్ రిజెన్’. మధ్యలో ముక్క తీసేస్తే ‘ద ప్రైస్ హ్యావ్ రిజెన్’. తప్పు వెంటనే చెవికి తగులుతుంది, ‘హ్యాజ్’ రావాలి. ‘హ్యావ్’ పక్కనే ‘చిల్లీస్’ ఉండటంతో మోసపోతాం. ‘ద కలెక్టర్, అలాంగ్ విత్ హిజ్ ఆఫీసర్స్, వర్ ప్రెజెంట్’ కూడా అంతే, ‘వాజ్’ ఉండాలి.

పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి వాక్యాన్ని కొట్టేయలేం. రఫ్ పేపర్ మీద ‘ప్రైస్ – హ్యావ్’ అని రెండు మాటలు రాసుకుంటే చాలు.

ఒక్కచోట మాత్రం ఇది దెబ్బతీస్తుంది. ‘సమ్ ఆఫ్’, ‘మోస్ట్ ఆఫ్’, ‘హాఫ్ ఆఫ్’, ‘ఎ లాట్ ఆఫ్’ వస్తే ‘ఆఫ్’ తర్వాతి ముక్క తీసేయకండి, అక్కడ దాన్నిబట్టే వెర్బ్ మారుతుంది: ‘మోస్ట్ ఆఫ్ ద రైస్ ఈజ్’, ‘మోస్ట్ ఆఫ్ ద బ్యాగ్స్ ఆర్’. ‘ద నంబర్ ఆఫ్’కి ఈజ్, ‘ఎ నంబర్ ఆఫ్’కి ఆర్. ఈ జంటని మాత్రం బట్టీపట్టేయండి. నెగెటివ్ మార్కులున్న పరీక్షలో ఊహించి పెట్టొద్దు.