కారుణ్య మరణాల చట్టాలు చదవడం – 4వ పాఠం: కమిటీ ఎప్పుడు చూస్తుంది?

నయంకాని బాధలో ఉన్న రోగి కోరితే డాక్టరు మరణం కలిగించడమే కారుణ్య మరణం. నెదర్లాండ్స్‌లో అది ఏ క్రమంలో జరుగుతుందని పోయినసారి ఇచ్చిన ప్రశ్నకు చాలామంది ఒకే చోట తడబడ్డారు. ‘నెదర్లాండ్స్‌లో సమీక్ష కమిటీ అనుమతి ఇచ్చాకే డాక్టరు ముందుకెళ్తాడు’ అని రాశారు. డాక్టరు నిబంధనలు పాటించాడా అని చూసే కమిటీ ఉందని చెప్పి, అది ఎప్పుడు కూర్చుంటుందో నేను చెప్పలేదు. అందుకే ఈసారి అనుకున్న పాఠం పక్కన పెట్టి, దీన్నే సరిచేసుకుందాం.

నేను చేసే పని ఇది. కాగితం మీద అడ్డగీత గీసి, మధ్యలో ‘మరణం’ అని రాస్తాను. చట్టంలో ఎవరి సంతకం కనబడినా, అది ఆ మాటకు ఎడమనా (మరణానికి ముందా) కుడినా (తర్వాతా) అని చూసి పెడతాను. నెదర్లాండ్స్‌లో 2002 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఎడమవైపు ఉండేది చికిత్స చేసే డాక్టరు, ఆయన సంప్రదించే మరో స్వతంత్ర డాక్టరు. న్యాయ నిపుణుడు, వైద్యుడు, నీతిశాస్త్ర నిపుణుడు ఉండే కమిటీ కుడివైపే. స్పెయిన్ 2021 చట్టంలో మాత్రం ఇలాంటి సమీక్ష కమిషన్ ఎడమవైపుకు వస్తుంది.

ఇప్పుడు నన్ను బాగా ఇబ్బంది పెట్టే పొరపాటు. 2022లో నెదర్లాండ్స్ కమిటీలకు 8,720 కేసులు వచ్చాయి, 13 కేసుల్లో డాక్టరు నిబంధనలు పాటించలేదని తేల్చారు. ‘తప్పులు వెయ్యికి రెండు కూడా లేవు’ అని మీలో కొందరు లెక్క కట్టేశారు. ఆగండి. ఆ 8,720 డాక్టర్లు తమంతట తాము తెలియజేసినవి. తెలియజేయనివి ఏ లెక్కలోనూ లేవు. ఫైల్లో ప్రధానంగా ఉండేది కూడా డాక్టర్లు రాసిన మాటే. ‘ఆ రోజు నేను వెనకాడాను’ అని చెప్పడానికి పోయిన మనిషి తిరిగి రాడు. దాగిన తప్పులున్నాయని నేననడం లేదు. ఉన్నాయనో లేవనో ఆ అంకె చెప్పలేదు, అంతే. పైగా 13 అంటే 13 నేరాలు కావు. ఆ ఫైళ్లు ప్రాసిక్యూషన్‌కు, ఆరోగ్య తనిఖీ శాఖకు వెళ్తాయి. వాళ్ల నిర్ణయం వేరు.

మరణం తర్వాత డాక్టరు సమీక్ష కమిషన్‌కు పంపే బెల్జియం ఫారం ఒకప్పుడు ఎలా ఉండేదో చూడండి. రెండు భాగాలు. పేర్లున్న భాగం సీలు వేసి ఉండేది, అనుమానం వస్తేనే కమిషన్ తెరిచేది. ఒక కేసులో ఆ మరణం జరిపించిన డాక్టరే కమిషన్ సహాధ్యక్షుడు. పేరు సీలు వెనక ఉంది, ఆయన మౌనంగా కూర్చున్నాడు. 2022 అక్టోబరులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు బెల్జియం కారుణ్య మరణ చట్టాన్ని తప్పు పట్టలేదు కానీ, ఆ సమీక్షకు స్వతంత్రత లేదంది. రోగి పేరు దాచడం నాకు అర్థమవుతుంది. డాక్టరు పేరు దాచడానికి మాత్రం నేను ఒప్పుకోను.

అభ్యాసం: బెల్జియానికి అడ్డగీత గీయండి. డాక్టరు 4 పనిదినాల్లో ఫారం పంపాలి, కేసు ప్రాసిక్యూటర్‌కు వెళ్లాలంటే కమిషన్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. తర్వాత రోగి పేరు బయటపడకుండా, కేసుతో సంబంధం ఉన్న కమిషన్ సభ్యుడు తప్పుకునేలా ఆ పాత ఫారాన్ని మీరే తిరగరాయండి. రాశాక ఒకసారి డాక్టరుగా నింపి చూడండి, ఇంకోసారి పోయినవాళ్ల కొడుకుగానో కూతురుగానో చదవండి. ఆ రెండో చదువులో ఎక్కడ ఆగిపోయారో ఆ వాక్యం నాకు పంపండి.